ఒకే ఒక్క ఓబులేసు

పట్టపగలు, కుర్చీలోంచి లేవకుండా, ఒకే ఒక్క ఆదేశంతో ఒక ఊరిని ఖాళీ చేసిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, పర్లేదు. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు జలదరించింది, అదీ అనంతపురం ఎండలో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. వానలు మొహం చాటేశాయి, వేరుశనగ నిలువునా ఎండిపోయింది. కళ్యాణదుర్గం వైపు ఒక ఆఫీసులో, పేరు అడగొద్దు, కరువు బియ్యం జాబితాల డేటాబేసు నా చేతిలో ఉండేది. జాబితాలో పేరుంటే ఇంటికి బియ్యం బస్తా, లేకపోతే లేదు. అంత బరువైన పని ఇరవై మూడేళ్ల నాకు అప్పగించారంటే తప్పు నా ఒక్కడిదే కాదని ఇప్పటికీ నా వాదన.

నాకో దురలవాటు ఉండేది: చదువు. హైదరాబాదులో కొన్న లావుపాటి పుస్తకంలో రోజుకో పాఠం చదివి, మర్నాడే ఆఫీసు డేటా మీద ప్రయోగించేవాణ్ణి. ఆ రోజు పాఠం, ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలని. తీసేముందు అవేమిటో పైకి తెచ్చి చూసుకోమనీ, బ్యాకప్ నుంచి డేటా నిజంగా తిరిగొస్తుందో లేదో పరీక్షించుకోమనీ పక్క పేజీలోనే ఉంది. ఆ పేజీ మర్నాటికి అట్టిపెట్టాను.

వెతికితే ఒక ఊళ్లో దొంగలు దొరికారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఓబులేసు, తండ్రి పేరూ ఓబులేసే. అలా పదకొండు మంది. ఓబులమ్మలు ఇంకా ఎక్కువ. బియ్యం కోసం ఎంతకు తెగించారని పళ్లు నూరి, మొదట నమోదైన ఓబులేసునూ మొదటి ఓబులమ్మనూ ఉంచి మిగతావాళ్లందరినీ తుడిచేశాను. సాయంత్రం రోజూలాగే, ఉన్న ఒక్క టేపు మీద బ్యాకప్ తీసి, రిజిస్టరులో ‘సక్రమం’ అని సంతకం పెట్టాను. శనివారం కొత్త జాబితా ఆ ఊళ్లో అతికించారు.

సోమవారం మధ్యాహ్నం తలెత్తి చూస్తే వరండా నిండా మనుషులు. ఎప్పుడొచ్చారో, చప్పుడే లేదు. కనురెప్పల మీద కూడా ఎర్రదుమ్ము. కూర్చున్నచోటి నుంచే కిటికీలోంచి నన్ను చూస్తున్నారు.

మా సూపరింటెండెంటు గారు జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఓబులేసు ఎవరయ్యా?"

వరండాలో సగం మంది ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"మా నాయన కొండమీది ఓబులేసు సామికి మొక్కుకున్నాడు సార్," ముందున్నాయన నెమ్మదిగా చెప్పాడు. "పుట్టినోళ్లందరికీ సామి పేరే. అన్న పెద్దోబులేసు, నేను నడిపోబులేసు, వీడు చిన్నోబులేసు. ఊరంతా ఇంతే. జాబితాలో ఒక్కడే ఉండాడంట. మేమంతా యాడికి పోయినాం?"

సాయంత్రంలోగా సరైన జాబితా పంపకపోతే ఆ ఇళ్లకు బియ్యం లేనట్టే. టేపు ఉంది కదా అన్న ధీమాతో దాన్ని యంత్రంలో పెట్టాను. అది గుర్రుమని తిరిగి, నేను దాచుకున్నదాన్ని పొల్లుపోకుండా తెచ్చిచ్చింది: అదే ఖాళీ ఊరు. తుడిచాక మిగిలినదాన్ని పాత బ్యాకప్ మీదే రాసి, భద్రంగా దాచుకున్నానన్నమాట. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు మద్దిలేటి, ఆ ఊరి తలారి, ఊరి పనుల మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. అక్షరం ముక్క రాని ముసలాయన. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"టైపు కొట్టుకోప్పా, నేను చెప్తా."

కళ్లు మూసుకుని ఊళ్లో మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. గొర్రెల ఓబులేసు, బోరు ఓబులేసు, చింతచెట్టు ఇంటి ఓబులమ్మ... ఒక్కో పేరు పలికినప్పుడల్లా వరండాలో ఒకరు లేచి, కిటికీ దగ్గరికొచ్చి, నా మొహం చూసి వెళ్లేవారు. గదిలో ఆయన గొంతూ నా కీబోర్డూ తప్ప వేరే శబ్దం లేదు. పొద్దు వాలేసరికి ఓబులమ్మలంతా వచ్చేశారు, పదిమంది ఓబులేసులూ వచ్చేశారు.

కంప్యూటరు ఉంచిన ఓబులేసు మాత్రం రాలేదు.

"ఆయన ఏడీ? జాబితాలో మొదటి నుంచీ ఉన్నది ఆయనొక్కడే కదా," అన్నాను.

మద్దిలేటి కళ్లు తెరిచి నన్ను జాలిగా చూశాడు. "వాడు పెద్దోబులేసు. పోయిన ఉగాదికి ముందే పోయినాడప్పా."

బతికున్న పదిమందినీ మాయం చేసి, పోయినవాణ్ణి పదిలంగా కాపాడాను.

ఆ సాయంత్రం కొండమీది సామి సాక్షిగా ఒట్టేసుకున్నాను. చూసుకోకుండా దేన్నీ తుడవను. ఒక్క టేపును నమ్ముకోను. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనను. పక్క పేజీని మర్నాటికి అట్టిపెట్టను. పెద్దోబులేసును తుడిచేటప్పుడు మూడుసార్లు లెక్కపెట్టి, నడిపాయన అనుమతి అడిగి మరీ తుడిచాను.

ఇన్నేళ్లయినా ఏదైనా తుడిచేముందు ఒక్కసారి కిటికీ వైపు చూస్తాను, ఎవరైనా లేచి నిలబడ్డారేమోనని.