పెద్దమ్మ కలిపి వేసిన బల్లలు

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో, ఊగుతున్న టేబుల్ కాలి కింద పెట్టడానికి అట్టముక్క కోసం వెతుక్కుంటున్నాను. మధ్యాహ్నానికి రిసెప్షన్. హాలు నేల వంటగది వైపు వాలుగా ఉంది. వేసిన టేబుళ్లలో సగం, చెయ్యి ఆనిస్తే చాలు, టకటకమంటున్నాయి.

అంతకు రెండు రోజుల ముందే పెద్దమ్మ ఫోన్ చేసి చెప్పింది. "భూపాలపల్లి హాల్ల నేల వంకర ఉంటది బిడ్డా. అట్టముక్కలు తీస్కపో."

"నాకు తెల్సు పెద్దమ్మా" అని పెట్టేశాను. నాకు తెలియదు. ఆ హాల్లో నేనెప్పుడూ పని చేయలేదు. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాట అది. అదీ అబద్ధం.

ఫోన్ చేసింది పెద్దమ్మ కూతురు, నాకు చెల్లెలు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగింది, గంతే. దవాఖానకు తీస్కపోయే టైం గూడ ఇయ్యలే" అంది. నాకు ఏడుపు రాలేదు. విసుగొచ్చింది. చెప్పాల్సిన మాటలన్నీ నాలోనే ఉండిపోగా, చెప్పే వీలు లేకుండా ఇట్లా వెళ్లిపోవడమేమిటని ఆమె మీదే కోపం వచ్చింది. మిగిలిన పని నాతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లకు అప్పజెప్పి, పరకాల మీదుగా జనగామ పోయే బస్సెక్కాను.

పెద్దమ్మ గురించి తెలియనివాళ్లకు ముందు ఆమె పని చెప్పాలి. జనగామలో పెదనాన్నకు టెంట్ సామాను ఉండేది. షామియానాలు, వంటపాత్రలు ఆయన చూసుకునేవాడు. పెళ్లి రిసెప్షన్లలో భోజనాల టేబుళ్లు వరుసలుగా వేయించడం, వాటి మీద తెల్లగుడ్డలు పరచడం, చుట్టూ కుచ్చులు పెట్టి పిన్నులతో బిగించడం, పూలు అమర్చడం పెద్దమ్మ పని. పెదనాన్న పోయాక షామియానాలు అమ్మేసింది కాని, టేబుళ్లు మాత్రం ఉంచుకుంది. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే మా అమ్మ నన్ను తీసుకెళ్లి తన అక్క చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్లు ఆమె దగ్గర పని చేశాను. తొమ్మిదేళ్లూ విసుక్కుంటూనే చేశాను.

ఎందుకు విసుక్కోను? రఘునాథపల్లిలో నా మొదటి రిసెప్షన్‌కు, పొద్దుటి నుంచి ఇరవై టేబుళ్లకు కుచ్చులు పెట్టాను. వేళ్ల కొసలు పిన్నులు గుచ్చుకొని మండుతున్నాయి. పెద్దమ్మ వచ్చి, ఒక టేబుల్ ముందు వంగి, రెండేళ్ల పాప ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తు నుంచి గుడ్డ పట్టి గుంజింది. కుచ్చులన్నీ ఊడి కింద పడ్డాయి.

"చిన్నపిల్లలు టేబుల్ గుడ్డ పట్టుకోకుంట ఉంటరా? పిన్ను మెడలకెల్లి పోతే ఎవరు జిమ్మెదారి? మల్లా పెట్టు."

"అన్నీనా?"

"అన్నీ."

మళ్లీ పెట్టాను. పిన్ను మొన లోపలికి తిరిగేలా, గుడ్డ రెండు మడతల మధ్య దాగేలా. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఆమె పక్కన కూర్చుని నాతోపాటు సగం టేబుళ్లకు తనే పెట్టింది. ఆ రోజు ఆ సంగతి నాకు కనబడలేదు. తిట్టిందన్నదే గుర్తు పెట్టుకున్నాను.

ఆమెకు ఇంకో అలవాటుండేది. వరుసలన్నీ వేశాక, చుట్టాలు రాకముందు, ప్రతి వరుసలో ఒక కుర్చీ మీద కూర్చునేది. ఎదురుగా విస్తరి ఉన్నట్టే చెయ్యి చాపి, అన్నం కలిపి, ముద్ద నోటి దాకా తెచ్చేది. అటూ ఇటూ మమ్మల్ని కూర్చోబెట్టి మోచేతులు తగులుతున్నాయేమో చూసేది. హాలు వాళ్లు నవ్వుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. "కూసొని తినకుంట తినేటోని బాధ ఎట్ల తెలుస్తది?" అనేది. పూలు కూడా జానెడు ఎత్తుకు మించనిచ్చేది కాదు. "తినేటప్పుడు ఎదురుంగున్న మనిషి మొఖం కనవడాలె. పూలు రేపటికి వాడిపోతయి, చుట్టాలు ఉంటరు" అనేది.

మహబూబాబాద్‌లో జరిగిన సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఎప్పటికీ తెగలేదు. కాలేజీలో ఇష్టపడి చేసుకున్న పెళ్లి. అబ్బాయిది టౌను, అమ్మాయిది దగ్గర్లోని తండా. పొద్దున మేము సామాను దించుతుంటే పెళ్లికొడుకు చిన్నాన్న వచ్చాడు.

"అమ్మా, మావోళ్లకు హాల్ల వెయ్యి. పిల్ల దిక్కోళ్లకు వెనుక షెడ్డుంది, ఆడ వెయ్యి. వాళ్లకు గీ గుడ్డలు, పూలు ఏం అవుసరం లేదు" అన్నాడు.

పెద్దమ్మ "సరె సార్" అంది. పోయి షెడ్డు చూసి వచ్చింది. వచ్చి మాతో, హాల్లోనే, తలుపు దగ్గర నుంచి ఎదుటి గోడ దాకా, సందు లేకుండా టేబుళ్లు ఒకదానికొకటి ఆనించి వేయమంది. మామూలుగా నాలుగు టేబుళ్లకొక సందు వదులుతాం, వడ్డించేవాళ్లు అటూ ఇటూ దాటడానికి.

"వడ్డించేటోళ్లు ఎట్ల పోతరు పెద్దమ్మా?"

"చుట్టు తిరిగి పోతరు. కాళ్లున్నయి గద."

మూడు పొడుగాటి వరుసలయ్యాయి. అతుకులు కనబడకుండా గుడ్డలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరిచాం. ఎక్కడ నిలబడి చూసినా ఇది ముందు, ఇది వెనక అని చెప్పలేం. షెడ్డులో ఒక్క టేబుల్ కూడా వేయలేదు. షెడ్డుకు సరిపోయే ఎనిమిది టేబుళ్లు ఇంకా బండిలో తాటిపత్రి పట్టా కిందే ఉన్నాయి. అది నాకు తెలుసు. ఎవరైనా పట్టా ఎత్తి చూస్తారేమోనని బండి వైపే చూస్తూ ఉన్నాను.

తండా నుంచి వ్యాన్లు రాగానే పెద్దమ్మే గుమ్మంలో నిలబడి, "రాండ్రి, లోపటికి రాండ్రి, కూసోండ్రి" అని ఒక్కొక్కరినీ పిలిచింది. చిన్నాన్న పరుగున వచ్చాడు.

"షెడ్డుల ఎందుకెయ్యలే?"

"నేల మంచిగ లేదు సార్. బల్లలు ఊగుతున్నయి. పెద్దోళ్లు పడ్తరు."

"నిన్ను అడిగిన్నా? టేబుల్లేసేదానివి టేబుల్లెయ్యి. పో బైటికి!"

అందరూ చూస్తుండగా అన్నాడు. పెద్దమ్మ కొంగు సర్దుకుని బయటికి వెళ్లి, మా బండి మెట్టు మీద కూర్చుంది. నేను ఆమె వెంట వెళ్లాను. కిటికీలోంచి ఇద్దరం లోపలికి చూశాం. చుట్టాలు కూర్చుంటున్నారు. అబ్బాయి తరఫువాళ్లు గోడ వైపు సర్దుకున్నారు, అమ్మాయి తరఫువాళ్లు తలుపు వైపు. ప్రతి వరుసలోనూ నడుమ కొన్ని కుర్చీలు ఖాళీగా మిగిలాయి. మాకు దగ్గరగా ఉన్న వరుసలో లెక్కపెడితే మూడు. ఇంత చేసీ ఆ మూడు కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "చూసినవా? ఏం ఫాయిదా అయింది? తిట్లు తినుడు తప్ప! మనకెందుకు పెద్దమ్మా గివన్ని?"

ఆమె కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "మూడు కుర్చీలే గద" అంది. "షెడ్డయితే గాదు గద."

రెండో పంక్తిలో పిల్లలు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. ఏ పిల్ల ఎవరి తరఫుదో మాకు తెలియలేదు. ఆ మాటా నేను ఆమెతో ఒప్పుకోలేదు. ఆ హాలు వాళ్లు మళ్లీ మమ్మల్ని పిలవలేదు. దారంతా ఆమెతో మాట్లాడకుండా జనగామ వచ్చాను.

మరుసటి ఏడాది సొంతంగా మొదలుపెట్టాను. పెద్దమ్మ అడ్డు చెప్పలేదు, ఇస్త్రీపెట్టె ఇచ్చి పంపింది. నా పద్ధతి వేరు. మెరిసే గుడ్డలు, నిలువెత్తు పూలగుత్తులు, ఫోన్లో ఫొటోకు బాగా పడేవి. చిల్పూర్ దగ్గర నేను చేసిన ఒక రిసెప్షన్‌కు పెద్దమ్మ చుట్టంగా వచ్చింది. ఒక కుర్చీలో కూర్చుంది. లేని అన్నం కలిపింది. లేచి, నా పూలగుత్తిని ఎత్తి, అందరి ముందూ కింద పెట్టేసింది.

"ఇగ నా పని కాడికి రాకు పెద్దమ్మా!" అని అరిచాను.

"సరె బిడ్డా" అంది. ఆ తర్వాత రాలేదు. ఫోన్లో మాత్రం ఏ హాల్లో తలుపు ఇరుకు, ఏ హాల్లో ఫ్యాను గాలికి గుడ్డలు లేస్తాయి అని చెబుతూనే ఉండేది. నేను "ఊఁ" అంటూ ఉండేదాన్ని. రాసి పెట్టుకోవాలని ఒక్కసారీ తోచలేదు. ఆ మాటల్లో ఇప్పుడు నాకు గుర్తున్నవి నాలుగో ఐదో. మిగతావన్నీ ఆమెతోనే పోయాయి. అది తలుచుకుంటే నామీద నాకే చిరాకేస్తుంది.

ఆమె దినాల భోజనాలకు టేబుళ్లు నేనే వేశాను, వాళ్ల గల్లీలో. ఆమె టేబుళ్లే. ఎన్నిసార్లు వేసినా వరుస వంకరపోయింది. సరిచేస్తే ఒకటి ఊగింది, దాన్ని సర్దితే ఇంకొకటి. మా మామ ఒకాయన అటుగా వచ్చి, "దినాల బువ్వనే గదనే, గింత పరేషాన్ ఎందుకు? ఎట్లున్నా తింటరు" అన్నాడు. నేను మొదటి వరుసలో ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎదురుగా చెయ్యి చాపాను. మామ నావైపు వింతగా చూశాడు. కుడి మోచెయ్యి పక్క కుర్చీకి తగిలింది. లేచి ఆ వరుసంతా జరిపించాను.

ముందులా అయితే సిగ్గుపడేదాన్ని. ఆ రోజు సిగ్గనిపించలేదు. ఆమె ఉండగా ఒక్కసారైనా అట్లా ఆమె పక్కన ఇష్టంగా కూర్చుని ఉంటే ఏం పోయేదో తెలియదు.

మర్నాడు పొద్దున ఆ తెల్లగుడ్డలన్నీ ఆమె పెరట్లోనే ఉతికాను. పప్పు మరకల్లోని పసుపు సబ్బు తగిలి ఎర్రగా మారింది. ఎంత రుద్దినా వదల్లేదు. నీళ్లలో తడిసిన పన్నెండడుగుల గుడ్డ పసిపిల్లంత బరువుంటుంది. దాన్ని ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడి మెలితిప్పాలి. ఇంట్లో అందరూ ఇంకా పడుకునే ఉన్నారు. ఒక కొసను కిటికీ చువ్వకు కట్టి, రెండో కొస పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. చువ్వ తనవైపు నుంచి తిప్పదు కదా. నేనే తిప్పుతూ పోయాను. నడుమ నుంచి నీళ్లు ధారగా కారి, నా పాదాల మీంచి మోరీలోకి పోతూనే ఉన్నాయి.