గోడ మీది వరద గీత

నా స్కూటర్ డిక్కీ తెరిస్తే పాత ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. నీళ్లు నింపి మట్టం చూసే పది మీటర్ల పైపు వాసన అది. ఇచ్ఛాపూర్‌లో నేను ఇళ్ల పని చూసే సైటులో కుర్ర ఇంజినీర్లు లేజర్ మీట నొక్కి, గది చుట్టూ ఎర్ర గీత పరిచేసి, నా పైపును చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. లేజర్‌తో పని చకచకా తెములుతుంది, కాదనను. కానీ కిందపడి దెబ్బతింటే అదే ధీమాతో తప్పు గీత గీస్తుంది. పైపులో గాలిబుడగ లేకుండా చూసుకుంటే నీళ్లకు ఆ జబ్బు లేదు.

ఈ నమ్మకం నాకు చదువుతో రాలేదు. మా చిన్నప్పుడు, బతుకుదెరువుకు గుజరాత్ వచ్చిన కొత్తలో, బమ్రోలిలో నాన్న సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేసేవాడు, అమ్మ ఇళ్ల కట్టుబడికి కూలికి వెళ్లేది. ఒక వానాకాలం పక్కనున్న ఖాడీ వాగు పొంగి గల్లీ మునిగితే, మేమంతా మిద్దెక్కి, పక్కింటి గుజరాతీ ముసలమ్మ పంచిన మరమరాలూ సేవూ నములుతూ రెండు రోజులు కూర్చున్నాం. నీళ్లు తీసేసరికి గల్లీ నిండా ఒండ్రు, నానిన నూలు కంపు, ప్రతి గోడ మీదా ఒకే ఎత్తున మట్టిరంగు గీత. అమ్మకు నడుము దాకా, నాకు గొంతు దాకా, తమ్ముడికి తల పైదాకా వచ్చేది. పిల్లలం ఇంటింటికీ తిరిగి ఎవరు మునుగుతారో, ఎవరు తేలుతారో చూసుకోవడమే ఆట.

వరద తర్వాత మా గది యజమాని సేఠ్ కొత్త గచ్చు వేయించాడు. మేస్త్రీ మల్లేశం మా జిల్లావాడే. మధ్యలో బుడగ ఉండే రెండడుగుల రసమట్టం పట్టీ పెట్టి, అంతా సమంగా ఉందని చెప్పి, గోడలకు పూయడానికి సున్నం బకెట్టు తెచ్చాడు. అమ్మ చెంబెడు నీళ్లు పోసింది. అవి వాకిలి వైపు పోకుండా పొయ్యీ బియ్యం డబ్బా ఉండే మూలకు పారాయి.

"గచ్చు వాటం తప్పింది," అంది అమ్మ.

"లెవలు పట్టీ అబద్ధమాడ్తదా అక్కా? ఆడోళ్లకెందుకు గీ ముచ్చట? జర జరుగు," అన్నాడు మల్లేశం.

"ఊకో," అన్నాడు నాన్న భయంగా. "సేఠ్ ఖాళీ చెయ్యమంటే ఎటు పోతం?"

అమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. "నీ పట్టీ రెండడుగులు, నా ఇల్లు పన్నెండు. గా గీత నీళ్లు గీసింది. గీతకెల్లి కిందికి కొల్వు, తర్వాత సున్నమెయ్యి."

అతను కదల్లేదు. అమ్మే జానలతో కొలిచింది. వాకిలి దగ్గర గీత నుంచి గచ్చుకు నాలుగు జానలు. పొయ్యి మూలన నాలుగు జానల మీద రెండు వేళ్లు. గుమ్మం దగ్గర జనం మూగారు. అవతలి గదుల్లోని ఆడవాళ్లు కూడా వెళ్లి తమ గోడలు కొలుచుకున్నారు.

అంతమంది తేడా చూశాక తప్పక, మర్నాడు మల్లేశం గచ్చు పగలగొట్టి, ఈసారి నీళ్ల పైపుతో మట్టం చూసి మళ్లీ వేశాడు. పైపు ఒక కొస అమ్మ పట్టుకుంది. తర్వాతి వానలకు నీళ్లు వాకిట్లోంచే వచ్చి వాకిట్లోంచే పోయాయి. బియ్యం తడవలేదు.

ఇప్పుడా గదులు లేవు, ఆ సాంచాల చప్పుడు లేదు, అమ్మ లేదు. వరద తీసిన మర్నాడే గీత మిగలకుండా గోడలకు రంగు పూసేస్తున్నారు. "ఆడోళ్లకెందుకు" అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ మండిస్తుంది. అందుకే నా సైటులో, ఆ ఇంట్లో వండుకునే మనిషి వచ్చి, నేల మీద బిందెడు నీళ్లు కుమ్మరించి సరేననేదాకా గోడకు సున్నం పడదు. కాదన్న మేస్త్రీ తన పట్టీ సంచిలో వేసుకుని వెళ్లొచ్చు.