పేర్ల అధ్యాయం

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్తున్న బస్సులో పక్క సీటు అవ్వ నా చేతిలో బైబిల్ పెట్టింది. మా ఒంగోలులో అయితే తర్వాత చందా అడుగుతారు.

"ఇయ్యాల్టి అధ్యాయం సదువు బిడ్డా. నాకు సదువు రాదు."

రోజూ చదివి వినిపించే భర్త నిజామాబాద్ ఆసుపత్రిలో మాటాపలుకూ లేకుండా పడి ఉన్నాడట. ఇప్పుడు ఈమే ఎవరితోనైనా చదివించుకుని, అందులోంచి ఒక బుద్ధిమాట ఆయన చెవిలో చెబుతుందట.

రిబ్బను ఉన్నచోట తెరిస్తే దినవృత్తాంతాల గ్రంథం. అన్నీ తండ్రుల, కొడుకుల పేర్లే. నేను చదువుతుంటే హాజరు పిలుస్తున్నానేమోనని కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు.

"అవ్వా, ఇందులో బుద్ధిమాట లేదు. కీర్తనలు చదవనా?"

"వరుస తప్పద్దు. నచ్చింది ఏరుకునుడు ఆయనకు గిట్టది."

అధ్యాయమంతా కళ్లు మూసుకుని వింది.

"ఏం తెలిసింది అవ్వా?"

"అందరు సచ్చిండ్రు."

నవ్వబోయి ఆగిపోయాను. ఆసుపత్రి దగ్గర లేస్తూ అడిగింది.

"రేపు సుత పేర్లేనా?"

"పేర్లే అవ్వా."

"డాక్టరేమో రేపటిదాక బతుకుడు కష్టమే అన్నడు. ఆయన చెవిల ఇయ్యాల ఏం జెప్పాలె బిడ్డా?"

జవాబు కోసం పేజీ తిప్పాను. అక్కడా పేర్లే ఉన్నాయి. అవ్వ బైబిల్ తీసుకుని, కొంగులో చుట్టుకుని దిగిపోయింది.