అరవై మార్కుల చెయ్యి

మా ఆయన రాధాకృష్ణ మనుషులకు మార్కులు వేస్తారు. గిట్టక అంటున్న మాట కాదు. బేస్‌బాల్‌లో స్కౌట్లని ఉంటారు, కుర్రాళ్ల ఆట చూసి పెద్ద జట్లకు కబురు పంపేవాళ్లు. వాళ్ల లెక్క ఇరవై నుంచి ఎనభై దాకా. యాభై వస్తే గొప్పే. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నా గుత్తివంకాయ కూర నలభై ఐదు దాటలేదు.

ఇక్కడ అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. ముక్క ముక్కా పరీక్షించి లోపం పట్టుకోవడమే పని. సాయంత్రం నాలుగయ్యేసరికి బంతి వేగం కొలిచే రాడార్ గన్, మడత కుర్చీ, నోటుబుక్కు పట్టుకుని ఏదో ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో వల వెనక కూర్చునేవారు. జీతం లేని స్కౌట్. నచ్చిన కుర్రాడి పేరు డేల్ అనే అసలు స్కౌట్‌కి పంపాలి, అంతే. పదకొండేళ్లు పంపారు. ఒక్క పేరూ పైకి పోలేదు. అయినా మానరు. ఎందుకు మానరో నాకు తెలుసు. వరంగల్లో చదివేటప్పుడు ఆయన ఫాస్ట్ బౌలర్. సెలెక్షన్ రోజున భుజం నొప్పి ఎవరికీ చెప్పకుండా బంతి వేశారు. మూడో ఓవర్‌కి చెయ్యి పైకి లేవలేదు. మళ్లీ ఎప్పుడూ లేవలేదు.

కిందటి వసంతంలో ఫణి, జాహ్నవిల కొడుకు నీల్ దొరికాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. పదిహేడేళ్లకే బంతిని గంటకు తొంభై ఒక్క మైళ్ల వేగంతో వేస్తున్నాడు. మా ఆయన ఆ చేతికి అరవై వేశారు. అరవై! ఆ రోజు ఇంటికొచ్చి నా కూరను కూడా మెచ్చుకున్నారు. రెండు నెలలు వాడి ఆట ఒక్కటీ వదల్లేదు. చివరికి డేల్ కూడా గురువారం ఆటకు వస్తానన్నాడు.

సోమవారం ఆటకు నేనూ వెళ్లాను. మూడో ఇన్నింగ్స్‌లో ఆయన గన్ పక్కన పెట్టేసి నోటుబుక్కు తీశారు. ఆయన రాతలన్నీ తెలుగులోనే. "మోచెయ్యి కిందికి జారుతోంది. బంతి వేశాక వీపు వెనక చెయ్యి విదిలిస్తున్నాడు. అడగాలి." నా కళ్ల ముందే రాశారు.

ఆట అయ్యాక అడిగారు కూడా. కానీ ఎక్కడ అడిగారు? తల్లిదండ్రుల ముందు.

"నీల్, చెయ్యేమైనా నొప్పిగా ఉందా నాన్నా?"

వాడు నోరు తెరిచేలోపే ఫణి అందుకున్నాడు. "నొప్పా? హి ఈజ్ పర్ఫెక్ట్లీ ఫైన్ సర్. నిన్న కూడా బుల్‌పెన్ ప్రాక్టీసులో ఫుల్‌గా వేశాడు."

"శుభమా అని ఆ డేల్ చూడ్డానికొస్తుంటే ఇప్పుడు నొప్పి మాట ఎందుకు అన్నయ్యగారూ," అంది జాహ్నవి, నవ్వుతూనే.

నీల్ వాళ్ల నాన్న మొహం చూశాడు. "ఐ యామ్ ఫైన్ అంకుల్."

నేను కారులోకి వెళ్లి ఏసీ వేసుకున్నాను. మా ఆయన కుర్చీ నీల్ తెస్తున్నాడు. ఎప్పుడూ బంతి వేసే కుడి భుజానే తగిలించుకుని గంతులేస్తూ తెచ్చేవాడు, ఆ రోజు ఎడమ చేత్తో పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. ఫణి, జాహ్నవి ఇంకా గేటు దగ్గరే ఎవరితోనో మాట్లాడుతున్నారు. కుర్చీ డిక్కీలో పెట్టాక కూడా వాడు కదల్లేదు. డిక్కీ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మా ఆయన డేల్ గురించి చెప్పారు. కళ్లలోకి చూసి మాట్లాడమన్నారు, షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వమన్నారు. వాడు ఇంకాసేపు నిలబడి, "ఓకే అంకుల్," అని వెళ్లిపోయాడు.

కారు రోడ్డెక్కాక ఆయన అన్నారు. "కుమారీ, కుర్చీ ఎడమ చేత్తో తెచ్చాడు, చూశావా?"

చూశాను. చూసి కూడా ఏమన్నాను? "ఊరుకోండి, ఆ పిల్లాడి అదృష్టానికి మనం అడ్డుపడ్డామని మాట పడాలా?" అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆయన ఊరుకున్నారు. పదకొండేళ్లకు ఒక్క పేరు పైకి పోబోతోంది, ఆయనకూ ఊరుకోవాలనే ఉంది. డేల్‌కి పంపిన రిపోర్టులో మోచెయ్యి మాట లేదు.

గురువారం నాలుగో ఇన్నింగ్స్‌లో నీల్ బంతి వేసి అక్కడే కూలబడిపోయాడు. మోచెయ్యి పొట్టకు అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోపల లిగమెంట్ తెగింది.

డేల్ మా ఆయన్ని ఒకటే అడిగాడట. రెండు నెలలుగా చూస్తున్నావు కదా, నీకేమీ కనిపించలేదా అని. లేదన్నారట మా ఆయన. లోపాలు వెతికి జీతం తీసుకునే మనిషి!

ఆపరేషన్ అయింది. జట్టులోకి తీసుకుంటామన్న కాలేజీలు ఒక్కొక్కటే ఫోన్లు మానేశాయి. మా ఆయన గ్రౌండ్లకు వెళ్లడం మానేశారు. సాయంత్రం నాలుగింటికి సోఫాలో కూర్చుని కిటికీలోంచి చూస్తుండేవారు.

ఆగస్టులో ఒక ఆదివారం నోటుబుక్కు పట్టుకుని, పద, అన్నారు. ఫణి తలుపు తీశాడు. నీల్ హాల్లో ఉన్నాడు, మోచేతి మీద పొడుగాటి మచ్చ. మా ఆయన ఆ సోమవారం రాసిన పేజీ తీసి వాడి చేతికిచ్చారు. వాడికి తెలుగు చదవడం రాదు. ఆయన నా వైపు చూశారు. నేనే చదివాను. అడగాలి, అన్న మాట దాకా చదివాను.

ఫణి కుర్చీలో కూలబడ్డాడు. నీల్ మాత్రం ఆ పేజీ వైపే చూస్తూ అన్నాడు.

"ఐ నో అంకుల్. మీరు చూశారని నాకు తెలుసు. ఆ రోజు చైర్ లెఫ్ట్ హ్యాండ్‌తో తెచ్చా కదా. డాడీ లేడు అక్కడ. మీరు మళ్లీ అడుగుతారు అనుకున్నా. నేను వెయిట్ చేశా."

మా ఆయన వెళ్లి వాడి పక్కన కూర్చున్నారు.

"ఇప్పుడు నొప్పిగా ఉందా నాన్నా?"

నీల్ వాళ్ల నాన్న వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, "ఉంది అంకుల్," అన్నాడు.