మీ ఫోనే బాగోలేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన ఆఫీసు ఒక ఆసుపత్రి హెల్ప్‌లైన్ నడిపేది. మాట తెగిపోతోందని ఎవరైనా అంటే మా మేనేజరుగారు, "మా దగ్గర అంతా బాగానే ఉందండీ, మీ ఫోనే బాగోలేదు" అనేవారు.

రకరకాల ఫోన్లలోంచి వచ్చే మాటను అవతలివాళ్ల ఫోనుకు సరిపడేలా మార్చే పనంతా ఒక్క సర్వరే మోసేది. నల్గొండ నుంచి వచ్చిన నేను, "సార్, గా మార్చే పని పక్కన ఖాళీగున్న నాలుగు కంప్యూటర్లకు పంచుదం" అంటే, "ఒక్కటి చాలదా?" అని నవ్వేవారు. నల్గొండ అబ్బాయి ఇలా అంటున్నాడని ఇంట్లో భార్యకూ చెప్పి నవ్వేవారట.

తెలంగాణ బంద్ రోజున బండ్లు కదలక అందరూ ఫోన్ల మీద పడ్డారు. మాటలు ముక్కలైపోయాయి. మేనేజరుగారే ఒక కాల్ తీశారు. ఎవరో ఆడమనిషి అరుస్తోంది, ఏమీ అర్థం కాలేదు. "మీ ఫోనే బాగోలేదమ్మా" అని పెట్టేశారు. వెంటనే ఆయన సెల్ మోగింది. భార్య.

"ఎల్‌బీ నగర్‌లో అత్తయ్యగారు మెట్ల మీద పడిపోయారు. అంబులెన్సు కోసం చేస్తే పెట్టేస్తారా? నా గొంతే గుర్తుపట్టలేదా?"

ఆయన వెంటనే అంబులెన్సు పంపించి నావైపు తిరిగారు. "ఆ నాలుగూ కలిపెయ్ బాబూ."

చౌరస్తాలో ధర్నా చేస్తున్నవాళ్లే అంబులెన్సుకు దారిచ్చారట. నేను కంప్యూటర్లు కలిపేసరికి ఆయన భార్యే హెల్ప్‌లైన్‌కు మళ్లీ చేసింది, అత్తయ్యగారికి ప్రమాదం లేదని చెప్పడానికి.

"ఇప్పుడు వినిపిస్తోందా?" అన్నారాయన స్పీకర్ పెట్టి, హుషారుగా.

"శుభ్రంగా. ఫోను ఆ నల్గొండ అబ్బాయికివ్వండి."

స్పీకర్లో ఆ మాట గదంతా వినిపించింది.