ఎనుకకు పిలువని బండి

పొద్దున లేవంగనే, మొహం కూడా కడుక్కోకముందు, పరమేశ్వర్ ఫోను తీసి తను అమ్మిన బండి నంబరు కొట్టి చూసేవాడు. కొత్త చలానా ఏమీ పడకుంటే సూర్యునికి మొక్కి మగ్గం గుంతలోకి దిగేవాడు. పడితే ఆ పూట అన్నం సరిగ తినేవాడు కాదు. ఏడాదిన్నరగా ఇదే అలవాటు.

చౌటుప్పల్ దగ్గర మా వాడకట్టులో ఆయన నేత సాఫుగా ఉంటదని పేరు. మోకాళ్లు పట్టేసి నడపలేక 2023 శ్రావణంలో బండిని అమ్మకానికి పెట్టాడు. ఫోనులో ఫోటో చూసి ఒకతను ఆటో దిగి వచ్చాడు. తెల్ల అంగీ, నుదుట బొట్టు. బేరం ముప్పై రెండు వేలకు తెగింది.

"కాకా, ఫోన్ల కొడ్త, నీ నంబరు చెప్పు" అని, రెండు నిమిషాలకు తన ఫోనే తిప్పి చూపించాడు. పచ్చ టిక్కు, పరమేశ్వర్ పేరు, పైసలు పంపినట్టు రాత. "సర్వరు నెమ్మదిగుంది. జరసేపట్ల నీకు మెసేజొస్తది."

బండి ఇల్లు దాటేటప్పుడు చేసేవన్నీ చేశాడు పరమేశ్వర్. హ్యాండిలుకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప అతని చేతిలో పెట్టాడు. భార్య రోజారమణి చల్ల తాపి, ఎదురొచ్చి సాగనంపింది. నిమ్మకాయలు చితికాయి, బండి కదిలింది.

అప్పుడు గుర్తొచ్చాయి రెండు సంగతులు. ఫోను మోగలేదు. వెనుక బ్రేకు సరిగ పట్టదని అతనికి చెప్పనేలేదు.

బండి ఇంకా మలుపు కాడనే ఉంది. ఒక్క కేకేస్తే వినపడేది. నోరు తెరిచి, మళ్లీ మూశాడు. పోయేటోన్ని ఎనుకనుంచి పిలిస్తే తొవ్వల కీడు జరుగుతదంటారు. తన పైసల కోసం ఇంకొకరికి కీడు తలపెట్టలేక ఊకున్నాడు.

సాయంత్రం దాకా మెసేజు రాలేదు. మర్నాడు బ్యాంకులో అడిగితే ఖాతాలో ఏమీ పడలేదన్నారు. ఆ పచ్చ టిక్కు ఉత్త బొమ్మ. పోలీసులు ఫిర్యాదు రాసుకుని కాయిదం ఇచ్చారు.

"దొంగకు సల్ల పోసి, ఎదురొచ్చి పంపినం. ఇగ బట్టలు గూడ పెడితే అల్లుడైతుండె" అని రోజారమణి నవ్వించబోయింది.

"పైసలు పోతే పోయినయ్. బ్రేకు ముచ్చట చెప్పకపోతినే" అన్నాడాయన.

మూడు నెలలకు మొదటి చలానా వచ్చింది. నల్గొండలో హెల్మెట్ లేదని. తర్వాత మిర్యాలగూడ, ఆ తర్వాత జడ్చర్ల. ఫోటోలన్నీ వెనుకనుంచి తీసినవే. నంబరు, దాని పైన ఒక వీపు. ఒక్కోసారి ఒక్కో వీపు. బండి చేతులు మారుతోంది. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడులో ఆయనకు ఆ బండి చప్పుడు వినిపించేది. తొక్కే కాళ్లు ఆపి చెవి పెట్టేవాడు.

వాడకట్టులో ఎవరు పాత బండి అమ్మినా పిలవకుండానే వెళ్లి నిలబడేవాడు. "వాని ఫోన్ల ఏమున్నదో సూడకు. నీ ఖాతాల పడ్డదాంక తాళంచెయ్యి ఇయ్యకు. గంటైతే గంట, చాయ్ తాపి కూసోబెట్టు." అట్ల ముగ్గురి సొమ్ము నిలిచింది. ఆయనకు మాత్రం నిద్ర రాలేదు.

మొన్న చైత్రంలో చిట్యాల హైవే మీది ఫోటో వచ్చింది. వెనుక సీటులో ఒక తల్లి. ఆమె భుజం మీదుగా పసిపాప మొహం, సూటిగా ఇటువైపే చూస్తూ. సంగతి తెలియక కొనుక్కున్నవాళ్లే అయి ఉంటారు. వాళ్లు చల్లగుండాలని మేమూ మొక్కుకున్నాం. పరమేశ్వర్ ఆ ఫోటోను పోలీసులకు చూపించి వచ్చాడు. వెతికిస్తమన్నారు. అయినా ఆ రోజు మగ్గంలోకి దిగలేదు.

సాయంత్రం, మా వాడకట్టు భిక్షపతి బిడ్డ మెర్సీ వచ్చే దారిలో రాయి మీద కూర్చున్నాడు. మెర్సీ హైవే పక్క దవాఖానలో నర్సు. యాక్సిడెంటై వచ్చినవాళ్లను మొదట చూసేది ఆమే. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు రోజారమణికి బీపీ చూసిపోతుంది. ఒక్క రూపాయి ముట్టదు.

"ఏం కాకా, తొవ్వల కూసున్నవ్? చిన్నమ్మ ఎల్లగొట్టిందా?"

ఆయన నవ్వలేదు. బండి నంబరు రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"బిడ్డా, దెబ్బలు తాకి ఎవలన్న వస్తే, ఏ బండని జర అడుగు. గీ నంబరే అయితే ఏ యాళ్లయినా నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చి ఆళ్ల కాడ కూసుంట."