మంద ఎక్కడుందో అడగని బండి

2022 జూన్‌లో నన్ను కంభం యూనిట్‌కు పశువైద్యుడిగా బదిలీ చేశారు. మాది ప్రభుత్వ శాఖ కాదు. గొర్రెలకు, మేకలకు టీకాలు వేయించే ఒక స్వచ్ఛంద సంస్థ. కంభం, అర్ధవీడు, బేస్తవారిపేట మండలాలు నా కింద ఉండేవి. ఊరూరా తిరిగి టీకాలు వేసేది పశుమిత్రలు. వాళ్ల మీద నేను, నా మీద ప్రాజెక్టు మేనేజరు. నేను చేరేసరికే పశుమిత్రల పాత పెట్రోలు బండ్లు తీసేసి ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇవ్వాలని పైన నిర్ణయం జరిగిపోయింది. ఎంపిక కమిటీలో మేనేజరు, అకౌంట్స్ ఆఫీసరు, నేను. బండి నడపాల్సిన పశుమిత్రల్లో ఒక్కరినీ పిలవలేదు. పిలిస్తే ఏదైనా అడుగుతారని భయం కాబోలు.

మార్కాపురంలో షోరూముకు వెళ్లాం. అక్కడ రెండు రకాలు చూపించారు. మొదటిది నెమ్మది బండి. గంటకు పాతిక కిలోమీటర్లు దాటదు, మోటారు చిన్నది, కాబట్టి చట్టప్రకారం దానికి రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ అక్కర్లేదు. బ్యాటరీ బండిలోనే బిగించి ఉంటుంది. రెండోదాని మోటారు బలమైనది, బ్యాటరీ ఊడదీసి ఎక్కడైనా చార్జింగ్ పెట్టుకోవచ్చు. అయితే నంబరు ప్లేటు, లైసెన్సు ఉండాలి. మేనేజరు గారికి లైసెన్సు గొడవ లేనిదే నచ్చింది. మా పశుమిత్రలందరికీ లైసెన్సులు ఉన్నాయని చెప్పాను. ఆయన చెవికెక్కలేదు. లైసెన్సు ఉన్నవాళ్లకు లైసెన్సు అక్కర్లేని బండి కొనిపెట్టడం మామూలు తెలివికి అందే పని కాదు.

ఆయన పరీక్ష కూడా చేశారు. వెనక ఏ బరువూ లేకుండా, బస్టాండు పక్కన తారురోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చి, ఎంత మెత్తగా పోతోందో అని మురిసిపోయారు. అకౌంట్స్ ఆఫీసరు బండి అద్దంలో మీసం చూసుకొని, అద్దాలు నాణ్యమైనవని ధ్రువీకరించాడు. ఒక్కసారి చార్జింగ్ పెడితే డెబ్బై కిలోమీటర్లు గ్యారంటీ అన్నాడు షోరూమువాడు. ఎంత బరువుతో, ఏ దారిలో అని నేనడిగితే నాకు కూల్‌డ్రింకు తెప్పించాడు.

తర్వాత మేనేజరు గారు ఫోన్‌లో మ్యాపు తెరిచి, కంభం నుంచి గొర్రెల కాపరుల ఊళ్లకు దూరాలు కొలిచారు. అసలు పొరపాటు అక్కడే జరిగింది. కాపరి పేరు ఊళ్లో ఉంటుంది గానీ మంద ఊళ్లో ఉండదు. విత్తనాలకు ముందు రైతులు తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటే వాటి పెంటికలతో, మూత్రంతో చేనికి బలం. ఈ రాత్రి ఒక చేను, రెండు రాత్రులు పోయాక ఇంకో చేను. ఒక్కోసారి కొండ మొదలు దాకా పోతారు. టీకా తీసుకొని పోయే మనిషి దున్నిన చేలల్లో, ఐసు పెట్టె బరువుతో, మంద వెనకాల పోవాలి. ఇదంతా విప్పి చెప్పాను. కాపరులను లొకేషన్ పంపమనండి అని ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

బండ్లు వచ్చాయి. రిబ్బన్లు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి ఫొటోలు తీశారు. నిమ్మకాయలు తొక్కడంలో ఆ బండికి ఏ ఇబ్బందీ రాలేదు.

జూలైలో అర్ధవీడు వైపు ఒక మందలో పారుడు రోగం కనబడింది. జ్వరం, ముక్కు కారడం, నోటిపూత, ఆపైన పారుడు, పిల్లలైతే నిలవవు. సోకకముందే టీకా వేస్తేనే ఉపయోగం. ఆ మందు ప్రాణమంతా చల్లదనంలోనే ఉంటుంది, ఐసు కరిగితే పారేయాల్సిందే. దగ్గరలో గురవయ్య మంద ఉంది. ఆయనకు సెంటు పొలం లేదు. గొర్రెలే ఆస్తి, వాటితోనే ఇల్లు గడవాలి. వెంటనే పశుమిత్ర మల్లేశ్వరిని పంపాను. వానలు ముఖం చాటేసి ఎండ మాడుస్తున్న రోజులవి.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "సార్, మంద రాత్రే లేచిపోయిందంట. కొండ కింద చేలో కట్టినారంట. నేను సగం దారిలోనే ఆగిపోయినా. తిప్పితే మూలుగుతాంది గానీ బండి కదల్లేదు. బ్యాటరీ ఊడదీసి యాడన్నా చార్జింగ్ పెడదామంటే ఊడేదే కాదాయె."

నేను జీపు కోసం ప్రయత్నించాను. జీపులో మేనేజరు గారు ఒంగోలు మీటింగుకు పోయి ఉన్నారు, పర్యావరణం మీద. మల్లేశ్వరి బండిని అక్కడే వదిలి, పెట్టె నెత్తిన పెట్టుకొని నడిచింది. ఆమె చేరేసరికి పెట్టెలో మిగిలింది గోరువెచ్చని నీళ్లు. ఆ మందు వేయొద్దని నేనే ఫోన్‌లో చెప్పాను. సొమ్మసిల్లిన మందు వేసి, వేశామని రాసుకోవడం నా చేత కాదు. కొత్త మందు తెప్పించేసరికి గురవయ్య మందలో పారుడు మొదలైంది. ముందు పిల్లలు పోయాయి, తర్వాత తల్లులు.

మేనేజరు గారు గురవయ్య మంద దగ్గరికి విచారణకు వచ్చారు, కారులో. కారు బాట చివర ఆగిపోతే మిగతా దూరం బూట్ల నిండా మట్టితో నడిచారు. చార్జింగ్ సరిగా పెట్టుకోలేదని మల్లేశ్వరికి మెమో ఇస్తానన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఇస్తే నా రాజీనామాతో కలిపి ఇవ్వండని మొహాన్నే చెప్పాను. తర్వాత ఆయన గురవయ్య వైపు తిరిగి, టీకాలు వేస్తారని తెలిసి మందను ఊళ్లోనే ఎందుకు ఉంచలేదని అడిగారు.

గురవయ్య అన్నాడు: "ఊళ్లో ఉంచితే ఏం మేస్తాయి నాయనా? మీ బండిని మేస్తాయా? ఆ యమ్మ పెట్టె నెత్తిన పెట్టుకోని పడతా లేస్తా వచ్చింది. ఆమెనేంది అనేది?"

మెమో ఆగిపోయింది. స్కూటర్లు మాత్రం సంస్థ వార్షిక నివేదికలో మొదటి పేజీకి ఎక్కాయి. మల్లేశ్వరి తన తమ్ముడి పెట్రోలు బండి మీద పని చేసుకుపోయింది. గురవయ్య మిగిలిన నాలుగు గొర్రెలు అమ్మేసి, వేరేవాళ్ల మందకు కూలికి పోయాడు.

ఎలక్ట్రిక్ బండ్ల మీద నాకు కోపం లేదు. రెండో రకం కొని ఉంటే బహుశా ఈ కథ రాసే పని ఉండేది కాదు. నాకు తెలిసింది ఇంతే. బండి కొనేముందు, అది మోయాల్సిన బరువు ఎత్తుకొని, అది పోవాల్సిన అన్నిటికన్నా చెడ్డ దారిలో ఒకసారి పోయి రావాలి. నడిపేవాళ్లను అడగాలి. అవతలి కొసన ఆ బండి కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో, అది రాకపోతే వాళ్లకు ఏమవుతుందో కూడా అడగాలి. మా కమిటీ ఆ బండికి ఏ రంగులు దొరుకుతాయని అడిగింది.